మొండి మెట్టు

పోటీ మొదలయ్యేనాటికి షావుకారు చేతిలో మూడు ఉన్నాయి. పదహారేళ్ళ కూతురు. జడ్జి కుర్చీలో కూర్చున్న అక్క. నాలుగేళ్ళుగా ఎవరూ కొనని పియానో. పియానోలమ్మే మనిషికి ఇంతకన్నా మంచి పెట్టుబడి ఏముంటుందనుకున్నాడు.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి ఆ మూడింట్లో ఒక్కటీ ఆయన మాట వినడం లేదు.

కూతురు నిన్న సాయంత్రం తలుపేసుకుని ఇంతవరకు తీయలేదు. అక్క ఫోన్ ఎత్తడం లేదు. పియానో కింద కొట్లో ఓ మూల పడి ఉంది. దాని సంగతి ఆయన తలుచుకోను కూడా లేదు. ముందుగా తలుచుకోవలసింది దాన్నేనని ఇంకో అరగంటకి గానీ తెలియదు.

"టీ చల్లారిపోతోంది," అంది భార్య.

"చల్లారనీ."

"ఆ కాగితాన్ని అలా మిర్రిమిర్రి చూస్తే అంకెలు భయపడి మారిపోతాయా?"

హాలు బయట బోర్డు మీద పెట్టిన జాబితాని ఆయన ఉన్నదున్నట్టు రాసుకొచ్చాడు. అందులో పిల్లల పేర్లుండవు, చీటీల్లో వచ్చిన నంబర్లే. ఒక్కో నంబరు ఎదుట ముగ్గురు జడ్జిల మార్కులు, పదికి ఇన్ని అని. మొదటి అయిదుగురికి వచ్చే ఆదివారం ఫైనల్. ఆ అయిదుగురికీ సంగీత కళాశాలలో సీటు ఖాయం. ఆరో స్థానానికి గోడకి తగిలించుకునే సర్టిఫికెట్టు.

అయిదో స్థానంలో ఏడో నంబరు. ఏడు, ఏడు, పది. మొత్తం ఇరవై నాలుగు.

ఆరో స్థానంలో పన్నెండో నంబరు. ఎనిమిది, ఎనిమిది, ఏడు. మొత్తం ఇరవై మూడు.

పన్నెండో నంబరు ఆయన కూతురు. మూడో వరసలో మార్కులు వేసింది ఆయన అక్క.

"ముక్కూ మొహం తెలియని వాళ్ళిద్దరూ ఎనిమిదేసి వేశారు," అన్నాడు షావుకారు. "సొంత మేనత్త ఏడు వేసింది. ఎవరో ఏడో నంబరుట, దానికి పదికి పది. పెరటి చెట్టు మందుకి పనికిరాదని ఊరికే అనలేదు."

"పరదాకి అవతల ఎవరున్నారో వదినకెలా తెలుస్తుంది?"

ఆయన జవాబు చెప్పలేదు.

ఆ హాల్లో వేదికకీ జడ్జిలకీ మధ్య నేల దాకా నల్ల పరదా కడతారు. అడుగుల చప్పుడు వినపడకుండా తివాచీ పరుస్తారు. పిల్లల చేత చెప్పులు విడిపిస్తారు. వాయించేవాళ్ళని గుర్తుపట్టామని ఏమాత్రం అనిపించినా మార్కు వేయకుండా తప్పుకుంటామని జడ్జిలు సంతకం పెడతారు. ఇవన్నీ ఆవిడకి తెలుసు. అడిగినదానికి మొగుడు జవాబు చెప్పలేదంటే అర్థమేమిటో కూడా, ఇరవై ఏళ్ళ కాపురం కాబట్టి, తెలుసు.

"ఏం చేశారు మీరు?"

"ఏం చేయలేదు. అక్క దగ్గర ఒక్క మాటన్నాను, అంతే."

"ఏం మాట?"

"పరదా ఉంటేనేం అక్కా, మొండి మెట్టు చెప్తుందిగా అన్నాను."

ఆవిడ కుర్చీ జరుపుకుని కూర్చుంది.

మొండి మెట్టంటే ఆ ఇంట్లో చంటిపిల్లని అడిగినా చెబుతుంది. అమ్ముడుపోని ఆ పియానోకి నడిమధ్యన ఒక తెల్ల మెట్టు బిగుసుకుపోయింది. మామూలుగా నొక్కితే పలకదు. ఒక వెంట్రుకవాసి ముందుగా, ఒక గుద్దు గుద్దితే అప్పుడు పలుకుతుంది. నాలుగేళ్ళుగా కూతురి సాధనంతా దాని మీదే. ఆ గుద్దు చేతికి ఎంత అలవాటైందంటే, ఎంత మంచి పియానో ముందు కూర్చోబెట్టినా ఆ ఒక్క స్వరం మాత్రం గడప తట్టుకున్న మనిషిలా ఎగిరి పడేది. పదకొండేళ్ళొచ్చేదాకా నేర్పింది మేనత్తే. ఆ తర్వాత పండగకీ పబ్బానికీ పిల్ల వాయించడం వింటూనే ఉంది. ఆ గుద్దు ఆవిడకి తెలియనిది కాదు.

"బాగుచేయించమని నాలుగేళ్ళుగా మొత్తుకున్నాను," అంది భార్య.

"అమ్ముడుపోని సరుకు మీద ఎవడైనా రిపేరు పెట్టుకుంటాడా?"

"మంచి పియానో ఒక్కటైనా దాని దగ్గర ఉండనిచ్చారా? చెయ్యి కాస్త అలవాటు పడేసరికి బేరం తగిలేది. పొద్దున్న వాయించిన పియానో సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి ఉండేది కాదు. ఎవరూ కొనరు కాబట్టి అవిటిది మాత్రం దానికి మిగిలింది. ఇప్పుడు ఆ అవిటితనాన్ని కూడా అమ్మబోయారన్నమాట."

ఆ మాట గది తలుపు అవతలికి వినబడే ఉంటుంది. అటునుంచి కుర్చీ కిర్రుమంది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"పన్నెండింటిదాకా టైముంది," అన్నాడు షావుకారు లేస్తూ. "అభ్యంతరాలేమైనా ఉంటే మధ్యాహ్నం పన్నెండులోపు ఆఫీసులో ఇవ్వాలిట. ముందు అక్కని అడగాల్సినవి అడిగేసి వస్తాను."

"ఏమని పెడతారండీ అభ్యంతరం? నేను దొంగదారి చూపించాను, ఆవిడ నడవలేదు అనా?"

జవాబు వెతుక్కోవలసిన అవసరం లేకుండా కింద కొట్టు షట్టరు మీద ఎవరో తట్టారు.

*

వచ్చింది ట్యూనర్ మేస్త్రీ. పక్కన కూతురు. పద్నాలుగేళ్ళ పిల్ల, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడింది. మేస్త్రీ చేతిలో పనిముట్ల సంచీ ఉంది.

"ఆదివారం పూట వచ్చానని ఏమనుకోకండి షావుకారు గారూ. పిల్ల మీకో మాట చెప్పాలంది. చెప్పవే."

"ఫైనల్‌కి వచ్చానండి," అంది ఆ పిల్ల నేల చూస్తూ.

మేస్త్రీ ఇంట్లో పియానో లేదు. ఆదివారం తప్ప రోజూ పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది దాకా, కొట్టు తెరవకముందు ఆ పిల్ల ఇక్కడే సాధన చేసుకుంటుంది. బదులుగా మేస్త్రీ నెలకోసారి కొట్లో పియానోలు శ్రుతి చేసి పోతాడు. పోటీకి పంపుతున్నానండీ అని అతను చెప్పినప్పుడు షావుకారు "మంచిదే" అన్నాడు. నంబరెంతని కూడా అడగలేదు.

"సంతోషం," అన్నాడు ఇప్పుడు. "వెళ్ళిరా మేస్త్రీ. నేను బయటికి పోవాలి."

"మీరు వెళ్ళిరండి. నేను ఈ మొండి మెట్టు సంగతి చూసి పోతాను. మీ దగ్గర ఏమీ తీసుకోను. జడ్జిలు నిన్న పిల్లలందరికీ చీటీలిచ్చారండి, వాయింపులో తప్పేమిటో రాసి. మా దానికి ఒకాయన రాశాడు, చెయ్యి మంచిదే కానీ ఒక్క స్వరం ప్రతిసారీ గుద్దినట్టు వినిపిస్తోంది అని. చదవగానే తెలిసిపోయింది. ఇన్నాళ్ళూ నా చెవికి రాలేదు చూడండి. ఇంట్లో పిల్ల పోలికలు ఇంట్లోవాళ్ళకి కనబడవు కదా."

షావుకారు షట్టరు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

"మీ అమ్మాయి నంబరెంత?"

"ఏడండి."

రోజూ పొద్దున్న ఆయన పడుకున్న మంచం కిందనే, ఒక్క స్లాబు అడుగున, ఆ గుద్దు రెండు గంటల పాటు మోగేది. కొనేవాడు పియానో మీద ఎక్కడ వేలు పెట్టాడో పక్కగదిలో కూర్చుని చెప్పగల చెవి ఆయనది. ఊరికే వచ్చే సంగీతం కాబట్టి దాన్ని ఎప్పుడూ వినలేదు.

"అలాగే," అన్నాడు. "బాగుచెయ్యి."

ఆ మెట్టు బాగుచేయమని ఆయన నోటి నుంచి రావడం అదే మొదటిసారి. మేస్త్రీ దాన్ని అభిమానం అనుకున్నాడు. కళ్ళు తుడుచుకుని మూత ఎత్తాడు.

*

అక్క ఇల్లు రెండు వీధుల అవతల. ఆయన తలుపు తట్టకముందే తీసింది. రాత్రి కట్టుకున్న చీర మార్చలేదు.

"వస్తావని తెలుసు. కూర్చో."

"నిలబడే అడుగుతాను. ఏడుకి పది ఎందుకు వేశావు?"

"నువ్వు చెప్పిన గుర్తు వినిపించింది కాబట్టి."

అంత తేలిగ్గా ఒప్పుకుంటుందనుకోలేదు. బేరానికి సిద్ధపడి వచ్చిన మనిషికి అడిగిందల్లా అవతలివాళ్ళు ఇచ్చేస్తే కాళ్ళు ఆడవు. కూర్చున్నాడు.

"సంతకాలయ్యాక కవర్లు విప్పి పేర్లు చదివారు," అంది అక్క. "ఏడు అంటే మేస్త్రీ కూతురుట. పన్నెండు మన బుల్లిట. నా పక్కనున్నాయన మంచినీళ్ళు కావాలా అండీ అని అడిగాడు. నా మొహం ఎలా పెట్టానో ఏమో."

"బుల్లికి ఏడెందుకు వేశావు మరి? అంత బాగాలేదా?"

గోడ పక్కన ఆవిడ పియానో మూసి ఉంది. దాని మీద దొంతరగా పేర్చిన సంగీతం పుస్తకాలని అక్క ఒకసారి సర్దింది. సర్దినవాటినే మళ్ళీ సర్దింది.

"నిన్న పన్నెండుమందిలో దానంత బాగా ఎవరూ వాయించలేదురా. వింటుంటే నాకు కడుపు మండింది. ఈ పిల్ల ఎవరు, నా దగ్గర ఎందుకు నేర్చుకోలేదు అనుకున్నాను. ఆ వెంటనే, ఇది మన బుల్లికి అడ్డం వస్తుందనుకున్నాను. తొమ్మిది వేయబోయిన చెయ్యి ఏడు వేసింది."

వీధిలో ఎవరిదో సైకిలు గంట మోగింది. ఆగిపోయింది.

"మన పిల్లని మనమే తొక్కామన్నమాట," అన్నాడు షావుకారు.

"నేను తొక్కాను. నువ్వు కాలు ఎక్కడ వేయాలో చూపించావు."

"వద్దని ఒక్క మాట అనుంటే నేను ఆరోజే..."

"వద్దనలేదు. అది నా తప్పు. ఔనని కూడా అనలేదు, రేపు నేనేమీ ఒప్పుకోలేదని చెప్పుకోవచ్చని. అది అంతకన్నా పెద్ద తప్పు."

పుస్తకాల కింద నుంచి ఒక కవరు తీసి ఆయన ముందు పెట్టింది. అంటించలేదు. తీసి చదివాడు. పోటీలో ఒక అభ్యర్థిని గుర్తుపట్టాననుకుని కూడా తప్పుకోలేదనీ, తన మార్కులన్నీ కొట్టేయమనీ రాసి ఉంది. జడ్జి తప్పుకుంటే మిగతా ఇద్దరి మార్కులే లెక్క. ఆ కూడిక చేయడానికి ఆయనకి క్షణం పట్టలేదు. ఏడో నంబరుకి పద్నాలుగు. పన్నెండో నంబరుకి పదహారు. బుల్లి లోపలికి, మేస్త్రీ కూతురు బయటికి.

తర్వాతి వాక్యం దగ్గర ఆగిపోయాడు.

"నా పేరెందుకు రాశావు?"

"ఆ గుర్తు నాకు కలలో రాలేదు కదా."

"అక్కా, ఆ హాలుకి పియానోలిచ్చేది నేను. రేపటి నుంచి నన్ను గుమ్మం తొక్కనివ్వరు."

"నన్ను కూడా తొక్కనివ్వరు. ఇరవై రెండేళ్ళు కూర్చున్నాను ఆ కుర్చీలో." ఆవిడ గొంతు పెరగలేదు, తగ్గలేదు. "నేనే పట్టుకెళ్ళి ఇవ్వచ్చు. కానీ నీ చేత్తో ఇవ్వాలి. ఇస్తే నీ కూతురికి సీటు వస్తుంది. నువ్వు కోరుకున్నదే కదా. ఇదీ దాని ధర."

"ఇవ్వకపోతే?"

"అప్పుడు నా తమ్ముడెవరో నాకు తెలుస్తుంది."

*

వీధులన్నీ చుట్టబెట్టి తిరిగొచ్చేసరికి పదకొండున్నర. హాలు ఆఫీసుకి నడిస్తే పది నిమిషాలు. ఆయన ఆఫీసు వైపు వెళ్ళలేదు. ఎందుకో కొట్టు వైపు నడిచాడు. కవరు చొక్కా లోపలి జేబులో ఉంది.

మొండి పియానో మోగుతోంది.

బల్ల మీద ఇద్దరు పిల్లలు కూర్చున్నారు. ఒకరు మేస్త్రీ కూతురు. రెండోది నిన్నటి నుంచి తలుపు తీయని బుల్లి. మేస్త్రీ నేల మీద గొంతుక్కూర్చుని సంచీలో పనిముట్లు సర్దుకుంటున్నాడు.

"గుద్దకు," అంటోంది బుల్లి. "ఇంక అది నిన్ను ఆపదు. ఊరికే వేలు పెట్టు."

ఆ పిల్ల వాయించింది. ఆ స్వరం మళ్ళీ ఎగిరి పడింది. మెట్టు బాగైంది కాబట్టి ఇదివరకటికన్నా పెద్దగా పడింది.

"నా వల్ల కాదక్కా."

"అవుతుంది. నాకు మూడు వారాలు పట్టింది. రోజూ బడయ్యాక అక్కడి పియానో మీద ఆ ఒక్క స్వరమే వాయించేదాన్ని. నీకు ఒక్క వారమే ఉంది. అందుకే రోజంతా కూర్చోవాలి."

గుమ్మంలో నాన్న నీడ చూసి బుల్లి లేచింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది. ఇప్పుడు మాత్రం కన్నీళ్ళు లేవు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"అత్తతో నువ్వన్న మాట నేను విన్నాను నాన్నా. ఆరోజు గొడుగు మర్చిపోయావని అమ్మ పంపిస్తే నీ వెనకాలే వచ్చాను."

"విని?"

"అత్త నన్ను గుర్తుపట్టకూడదని ఆ గుద్దు మాన్పించుకున్నాను. నా వాయింపు విని వేయాలి మార్కు అనుకున్నాను. ఈ పిల్ల చేతికి కూడా అదే అలవాటుందని నాకు తట్టలేదు. నిన్న జాబితా చూడగానే తట్టింది."

షావుకారు చెయ్యి తనకి తెలియకుండానే జేబు మీదికి పోయింది. బుల్లి చూసింది.

"ఏమిటది?"

కవరు ఇచ్చాడు. బుల్లి గుమ్మం వెలుతురులో నిలబడి చదివింది. వెనక ఆ స్వరం పడుతూనే ఉంది, లేస్తూనే ఉంది.

"ఇది ఇస్తే నీకు సీటు," అన్నాడు ఆయన మెల్లగా. "న్యాయంగా నీదే."

"ఇస్తే ఆ పిల్ల పోతుంది. ఇవ్వకపోతే అబద్ధం నిలబడుతుంది." కవరు మడత చెదరకుండా తిరిగి ఆయన చేతిలో పెట్టింది. "నన్ను అడగకు నాన్నా. నువ్వు తెచ్చిన సరుకు. నువ్వే దించుకో."

పైనుంచి భార్య మెట్ల మీదికి వచ్చి పిలిచింది.

"ఏమండీ, హాలు నుంచి ఫోను. వదిన మీ చేత ఏదో ఉత్తరం పంపానని చెప్పిందట. ఇంకా రాలేదేమని అడుగుతున్నారు. పన్నెండుకి తలుపు వేసేస్తారట."

గోడ గడియారంలో పన్నెండుకి పదిహేను నిమిషాలు తక్కువ.

"ఏం ఉత్తరమండీ?" అన్నాడు మేస్త్రీ, మర్యాదకి అడిగినట్టు.

అతని కూతురు వాయించడం ఆపి చూసింది. చేతులు పియానో మెట్ల మీదే ఉన్నాయి. చిన్న చేతులు. గోళ్ళు పొట్టిగా కత్తిరించుకుంది.

"ఏం లేదు," అన్నాడు షావుకారు. "పియానోల అద్దె సంగతి."

బుల్లి మొహం పక్కకి తిప్పుకుంది.

ఆయన వీధిలోకి దిగాడు. నాలుగడుగులు వేశాడు. మూలదాకా వెళ్ళి నిలబడ్డాడు. బేరం తెగని చోట ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో ముప్ఫై ఏళ్ళుగా తెలిసిన కాళ్ళు ఇప్పుడు ఎటూ కదలలేదు. ఆ పిల్ల చేతులు గుర్తొచ్చి ఆగాడో, కాగితం మీద తన పేరు గుర్తొచ్చి ఆగాడో తనకే తెలియలేదు. తెలుసుకోవాలని గట్టిగా ప్రయత్నించలేదు కూడా. దూరంగా ఏదో బడి గంట పన్నెండు కొట్టింది. ఆదివారం కూడా ఆ గంట కొడతారన్న సంగతి అప్పుడే గమనించాడు.

వెనక్కి వచ్చేసరికి బుల్లి గుమ్మంలోనే ఉంది. జేబు వైపు చూసింది. కవరు ఉబ్బు అలాగే ఉంది.

"ఒక్కటే అడుగుతాను. అందులో నీ పేరు లేకపోతే ఇచ్చేవాడివా?"

ఆయన జవాబు చెప్పలేదు.

ఆ ఇంట్లో ఆయన జవాబు చెప్పకపోవడానికి అర్థం తెలిసిన మనిషి అంతవరకు ఒక్కరే. ఇప్పుడు ఇద్దరు.

బుల్లి పైకి వెళ్ళిపోయింది. గది తలుపు మళ్ళీ పడింది. ఫోను మళ్ళీ మోగడం మొదలుపెట్టింది. అది హాలు వాళ్ళు కావచ్చు, అక్క కావచ్చు. భార్య ఎత్తలేదు.

"షావుకారు గారూ," అన్నాడు మేస్త్రీ. "ఒక్కసారి నొక్కి చూడండి."

దాన్ని కొట్లోకి దింపించిన రోజు నుంచి ఆయన ఆ మెట్టు మీద వేలు పెట్టి ఎరగడు. ఇప్పుడు పెట్టాడు. మిగతావాటికన్నా తేలిగ్గా దిగింది. మెత్తగా పలికింది. చెయ్యి తీశాక కూడా కాసేపు మోగి, పైన మోగుతున్న ఫోనులో కలిసిపోయింది.

"ఇంక ఎవరైనా కళ్ళకద్దుకుని తీసుకుంటారండి దీన్ని," అన్నాడు మేస్త్రీ సంతోషంగా.

చేతిలో మూడుండగా మొదలుపెట్టాడు. అక్క పోయింది. కూతురు పోయింది. మూడోది బాగుపడింది.